భీమడోలులో ఎక్కిన క్లయింటు

మా నాన్నగారిది పౌరోహిత్యం. తాడేపల్లిగూడెంలో మా గుమ్మం తొక్కినవాళ్ళు ముహూర్తం కోసం వచ్చినా, అడ్రసు కనుక్కోవడానికి వచ్చినా ఏదో ఒక పరిహారం చెప్పించుకోకుండా వెళ్ళరు. ఆ రక్తమే నాదీను. ఎదుటివాళ్ళు "ఏంటోనండీ" అని నిట్టూరిస్తే చాలు, తగుదునమ్మా అంటూ సలహా తయారుగా ఉంటుంది. అలాంటిదాన్ని మానసిక ఆరోగ్య కౌన్సెలర్ అవుదామని ఏలూరులో ఎంఎస్‌డబ్ల్యూలో చేరాను. ఈ విద్యలో మొదటి పాఠం సలహా చెప్పకపోవడమని చేరాక తెలిసింది. ఎంత మోసం!

మా మేడమ్ తను పనిచేసే ఆస్పత్రిలోని కౌన్సెలింగ్ గదిలో మాకు రోల్‌ప్లేలు పెట్టేవారు. ఒకరు క్లయింటుగా కూర్చుని కష్టం చెప్పుకోవాలి, ఇంకొకరు కౌన్సెలరుగా వినాలి. అంతే. నేను రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ తప్పాను. నిద్ర పట్టడం లేదన్న క్లయింటుని గసగసాలు పాలలో మరిగించి తాగమన్నాను. అత్తగారితో పడటం లేదన్న క్లయింటు చేత ఏకంగా వేరు కాపురం పెట్టించేశాను. మేడమ్ పడీపడీ నవ్వారు. నవ్వడం అయ్యాక, ఈసారీ ఇలాగే చేస్తే అందరితో పాటు కైకలూరు ఫీల్డ్‌వర్కుకి పంపేది లేదని చెప్పేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చదివి నిజం మనిషి ఎదురుగా కూర్చోలేకపోతే ఎందుకీ చదువు?

మూడో రోల్‌ప్లే రోజు పొద్దున్నే పాసింజరెక్కాను. భీమడోలులో నాతో పాటే చదివే నా స్నేహితురాలు ఎక్కింది. వాళ్ళ నాన్నగారు అక్కడ బట్టలు కుడతారు. తను మాట్లాడటం తక్కువ, మాట్లాడితే నిదానం. నా అవస్థ చూసి, దారిలో ప్రాక్టీసు చేద్దామంది. తనే క్లయింటట. మా పాఠ్యపుస్తకంలోని కేసొకటి తీసుకుని, చున్నీ సర్దుకుని, తల దించుకుని మొదలుపెట్టింది. బిడ్డ పుట్టి మూడు నెలలైందట. ఎత్తుకుంటే ఏమీ అనిపించడం లేదట. ఎవరి బిడ్డనో చూస్తున్నట్టుందట. చెబితే అందరూ ఛీ అంటారని భయమట.

నేను నోరు బిగించుకునే ఉన్నాను. పెట్టెలో జనం బిగించుకోలేదు. పాసింజరులో ఒకరి కష్టమంటే పెట్టె మొత్తానిదే కదా. ఎదురుగా ఉన్న పెద్దావిడ అది దిష్టేనని తేల్చి, ఎర్రనీళ్ళు తిప్పి పారబోయమన్నారు. చేపల మేత వ్యాపారం చేసే ఆయన పొద్దున్నే చెరువు గట్టు మీద నడవమన్నారు. కిటికీ దగ్గరి మేష్టారు ఫోనులో ఏదో వీడియో వెతకసాగారు. ఇంకొకావిడైతే బాలింతకి వెల్లుల్లి కారం సరిగ్గా పెట్టలేదని, చూడని పుట్టింటివాళ్ళ మీద విరుచుకుపడింది. నా స్నేహితురాలు అందరికీ "అలాగేనండీ" అంటోంది. నాకు నవ్వు ఆగడం లేదు. ఇదంతా ఉత్తుత్తిదని చెప్పే సందు దొరకలేదు, ఈలోగా దెందులూరు దాటిపోయాం.

ఏలూరులో మాతో పాటే ఒకమ్మాయి దిగింది. చేతిలో పసిపిల్లాడు. రైల్లో మా బెంచీ చివర కూర్చుని, అంత సందడిలోనూ నోరు విప్పనిది తనొక్కతే. కైకలూరు దగ్గర పుట్టింటికి వెళ్తోందట, అన్నయ్య బండి మీద వస్తాడట. అంతవరకూ చెప్పి, నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, నాకూ అలాగే ఉందండీ. ఇలాంటిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

నా నోటి నిండా సలహాలే. వాళ్ళమ్మకి చెప్పమని, డాక్టరుకి చూపించమని, భయపడొద్దని. ఒక్కటీ బయటకి రానివ్వలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. ఆగి ఆగి చెప్పింది. పిల్లాడు ఏడిస్తే గోడ వైపు తిరిగి పడుకుంటుందట. అందరూ వాడు అచ్చం నీలాగే ఉన్నాడంటే వినబుద్ధి కాదట. తనకి ఏడుపు కూడా రావడం లేదట. రోల్‌ప్లే టైము దాటిపోయింది. అయినా లేవలేదు.

చెప్పడం అయ్యాక, నా స్నేహితురాలి బిడ్డ ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడని ఒక్క అబద్ధం ఆడేస్తే పోయేది. పాపం ఇన్నాళ్ళకి దొరికిన తోడు, అదీ లాగేసుకుంటామా? నాకైతే నిజం చెప్పే ధైర్యం లేదు. నా స్నేహితురాలే చెప్పింది.

"నాకింకా పెళ్ళే కాలేదండీ. మేం కౌన్సెలింగ్ నేర్చుకుంటున్నాం. ఇందాక నేను చెప్పిందంతా మా పుస్తకంలోదండీ. క్షమించండి."

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లాడి టోపీ సర్దింది.

"పుస్తకంలో రాశారాండీ?"

"అవునండీ."

"అయితే చాలామందికి ఉంటదన్నమాట," అంది. అప్పుడొచ్చింది తనకి ఏడుపు.

కాసేపటికి తేరుకుని, తగ్గుతుందని కూడా రాశారా అని అడిగింది. రాశారన్నాం. ఇలాంటివాళ్ళు మా మేడమ్ దగ్గరికి వస్తారని నా స్నేహితురాలు చెప్తే, తనే అన్నయ్యకి ఫోను చేసి ఆస్పత్రికి రమ్మంది. ఆటోలో పిల్లాణ్ణి నేనెత్తుకున్నాను. నా చున్నీ తడిపేశాడు వెధవ.

ఆలస్యానికి కోప్పడబోయిన మేడమ్, సంగతి విని ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా వైపు అనుమానంగా చూసి, ఈవిడ మీకేమైనా సలహా చెప్పిందామ్మా అని అడిగారు.

"లేదండీ. చెప్పిందంతా విన్నారంతే. ఆవిడకి మాటలు తక్కువ అనుకుంటానండీ."

నా స్నేహితురాలికి పొలమారింది. మేడమ్ మాత్రం నవ్వకుండా, సోమవారం నుంచి నన్ను కూడా కైకలూరు వెళ్ళమన్నారు.