ఉయ్యాలబల్ల మీద పెళ్లిచూపులు

మొన్న కొత్తపేట పెళ్లిచూపుల్లో నేను గురక పెట్టేనని మా బాబాయి ఊరంతా చెప్పుకొస్తున్నాడట. పచ్చి అబద్ధం. గురక పెట్టలేదు. నిద్ర మాత్రం పోయేను.

అసలు తప్పు లడాఖ్‌ది. అక్కడ రోడ్ల పనిలో ఓవర్సీరుగా చేరి రెండేళ్లయింది కదా, అంత ఎత్తున గాలి పల్చన. కన్ను మూతపడగానే ఊపిరందనట్టై మెలకువ వచ్చేస్తుంది. దానికి తోడు ఈ కాళ్లు. నడుం వాలిస్తే చాలు, పిక్కల్లో చీమలు పాకినట్టుంటుంది, ఆడిస్తేనే తగ్గుతుంది. "ఎత్తు మీద కొందరికింతే, కిందికెళ్తే నిద్ర అదే పడుతుంది" అన్నాడు అక్కడి డాక్టరు. నిద్రయితే పట్టింది. అమలాపురంలో దిగింది మొదలు, పీట మీద కూర్చున్నా కునుకే. కాళ్లు మాత్రం ఊగడం మానలేదు.

రాజోలు సంబంధం దాంతోనే పోయింది. అమ్మాయి బామ్మగారు నా మోకాళ్లకేసి చూసి, "కాళ్లూపే వాడింట లక్ష్మి నిలవదండీ" అనేసి లోపలికెళ్లిపోయేరు. అమ్మకి ఏడుపొక్కటే తక్కువ. సెలవేమో అయిపోతోంది. కొత్తపేట అమ్మాయి ఫోటో చూసేక, ఇదీ తప్పిపోతుందేమోనని నాకూ దిగులు పట్టుకుంది.

"కాళ్లని అలవగొట్టెయ్‌రా అబ్బాయ్. అలిసిన ఎద్దు తోక కూడా ఊపదు" అన్నాడు బాబాయి. బాగుంది కదాని అమ్మనీ, బాబాయినీ బస్సెక్కించి నేను సైకిలు మీద బయల్దేరేను. మిట్టమధ్యాహ్నం, ఎదురుగాలి. వాళ్ల వీధి మొదట్లో ఆగి, చెమట తుడుచుకుని, చొక్కా మార్చుకుని వెళ్లేను.

వెళ్లగానే పూర్ణం బూరెలకి చిల్లు పెట్టి నెయ్యి పోసేరు. చాలండీ అంటే వింటారా మనవాళ్లు? అయ్యేక అమ్మాయి తండ్రి నన్ను ఉయ్యాలబల్ల మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. వేదం చదువుకున్న మనిషి, బళ్లో తెలుగు మాస్టారు. మెల్లగా ఊపుతున్నారు. నా కాళ్లు కొయ్యబారి ఉన్నాయి. అమ్మ దూరంనుంచే మెచ్చుకోలుగా చూసింది.

"అంత ఎత్తున నిద్ర సరిగా పడుతుందా బాబూ?" అనడిగేరు మాస్టారు.

"ఆయ్, అస్సలు పట్టదండీ" అన్నాను. అంతవరకే నాకు తెలుసు.

మిగతాది బాబాయి చెప్పిందే. అమ్మాయి వచ్చి మాస్టారి చేతికి కాఫీ గ్లాసిచ్చేసరికి నా తల ఆయన భుజం మీదుందట. మొహమాటానికి ఆయన కదల్లేదట. నేను నిద్రపోయేను గానీ, అప్పుడు నా కాళ్లు లేచేయి. నేలని ఒక్క తాపు తన్నేను. ఉయ్యాల వెనక్కి పోయి ముందుకొచ్చింది, మాస్టారి పాదాలు గాల్లోకి లేచేయి, కాఫీ అంతా ఆయన తెల్లపంచె మీదకి. అమ్మాయి పకపకా నవ్వుతూ లోపలికి పరుగెత్తిందట. నేను కళ్లు తెరిచేసరికి గుమ్మంలో జడ చివర ఒక్కటే కనిపించింది.

సైకిలు బస్సు మీదకెక్కించి అమ్మా వాళ్లతోనే తిరిగొచ్చేసేను. సిగ్గుతో చచ్చిపోయేననుకోండి. ఇక బ్రహ్మచారిగానే కొండెక్కాలి అనుకున్నాను.

ఇవాళ పొద్దున్న మాస్టారే స్వయంగా మా ఇంటికొచ్చేరు.

"మాకు సమ్మతమేనండి. ఇంతకుముందు వచ్చిన వాళ్లంతా పాట పాడమన్నారు, నడిచి చూపించమన్నారు. ఈయనొక్కరే ఏమీ అడక్కుండా పడుకున్నారు, ఈయనే నయం అంటోంది మా అమ్మాయి."

"మరి కాళ్ల సంగతండీ, అన్నయ్యగారూ?" అంది అమ్మ, ఉండబట్టలేక.

"మెలకువగా ఉన్నంతసేపూ కదపలేదు కదా చెల్లెమ్మా" అన్నారాయన. "కాకపోతే అబ్బాయి కూడా అమ్మాయిని చూడాలి కదండీ. రేపు మళ్లీ రండి. ఉయ్యాల గొలుసులు విప్పించేసేను."

ఆ కబురు విన్నప్పట్నుంచీ నాకు కునుకు లేదు. గాలికి లోటు లేదు, ఎత్తూ లేదు, సముద్రం పక్కనే ఉన్నాం. ఇందాకట్నుంచీ టీ ఒలికిపోతోంది, బల్ల కుంటుతోందని మీరు హోటలాయన్ని తిడుతున్నారు గానీ, పాపం, బల్ల మంచిదేనండీ. ఊపుతున్నది నేనే.