వరలక్ష్మి టీచరుగారి పప్పన్నం పాఠం

పక్కింటివాళ్ళు వెల్ల వేయిస్తున్నారు. పొద్దున్నే తొట్టిలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశారు కాబోలు, బుసబుసమని చప్పుడు, దాని వెంటే వెచ్చని ఘాటు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. జగ్గయ్యపేటలో ఇప్పుడు వెల్ల వేయించేవాళ్ళే తక్కువ, అంతా డబ్బా రంగులే. అందుకేనేమో, ఆ వాసన తగలగానే చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. వరలక్ష్మి టీచరుగారు గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే ఈపాటికి నా పిల్లలు ముగ్గుర్నీ రెక్కలు పట్టుకుని ఆ తొట్టి దగ్గరికి లాక్కుపోయేవారు.

ఆవిడ మా వెనకింట్లో ఉండేవారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మోకాళ్ళ నొప్పులు. కాఫీ కాస్త చల్లారినా ఇచ్చినవాళ్ళకు అక్షింతలు తప్పవు. మొదట్లో నాకు ఆవిడంటే భయమే. ఇంటి చుట్టుపక్కల ఇలాంటి మనిషి ఉండడం అదృష్టమని తర్వాత తెలిసింది.

అప్పుడు మా పెద్దమ్మాయి హారిక ఎనిమిదో తరగతి. అందరూ వేస్తున్నారు కదా అని దాన్ని విజయవాడలో ఒక హాస్టల్ బడిలో వేశాం. వారం వారం పరీక్షలు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేయడం. లెక్కల పరీక్ష అంటే ముందురోజు నుంచే దానికి వాంతులు. సెలవులకు వచ్చినప్పుడు చూస్తే పిల్ల సగమైపోయింది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది తప్ప ముద్ద మింగడం లేదు. మళ్ళీ పంపేది లేదని మొండికేశాను. అక్క ఇంట్లో ఉంటే మేమెందుకు వెళ్ళాలని నాలుగో తరగతి కార్తీక్, అప్పుడే బడిలో వేసిన చిన్ని కూడా పేచీ మొదలెట్టారు. బీయస్సీ చదివాను కదా, ముగ్గురికీ నేనే చెబుతానన్నాను. మా ఆయన ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చి, నిద్రకళ్ళతోనే "నీ ఇష్టం" అన్నారు.

మామగారు మాత్రం మండిపడ్డారు. మాతోనే ఉంటూ నందిగామ దగ్గర మిర్చి, పత్తి పండించే మనిషి, మాటంటే మాటే. "పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టామంటే నలుగురూ నవ్వరా? సరేనమ్మా, పెద్దది ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడుతుందన్నావుగా. ఒక్క దెబ్బకి పాసైతే నీ ఇష్టమొచ్చినట్టు చదివించుకో. తప్పిందా, ముగ్గుర్నీ హాస్టల్లో వేసేస్తా. మళ్ళీ నువ్వు నోరెత్తకూడదు" అన్నారు. నేనూ పౌరుషానికి పోయి సరేనన్నాను.

ఇక చూడండి నా తెలివి! ఇంట్లోనే బడి పెట్టేశాను. వరండాలో గంట బదులు ఇత్తడి పళ్ళెం కట్టాను. పొద్దున తొమ్మిదికల్లా ముగ్గురూ టైలు, బెల్టులు పెట్టుకుని వరసలో నిలబడి ప్రతిజ్ఞ చెప్పాలి. స్టేట్ సిలబస్సు, సెంట్రల్ సిలబస్సు, అవి చాలవన్నట్టు విదేశీ సిలబస్సు పుస్తకాలు కూడా తెప్పించాను. మూడు తరగతులకు మూడేసి రకాలు! పళ్ళెం మోగిస్తూ ముగ్గురి మధ్యా బొంగరంలా తిరిగేదాన్ని. ఒకరికి చెబుతుంటే ఇద్దరు కొట్టుకునేవాళ్ళు. ఆ గొడవలో పప్పు మాడిపోయేది. ఒకరోజు ఆ మాడు వాసనకు టీచరుగారు వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేశారు.

"రోజూ ఆ పళ్ళెం గోలేంటమ్మాయ్? నువ్వు బడి నడుపుతున్నావా, జైలా?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. పుస్తకాల గుట్ట చూపించి, "వీటిలో ఏ సిలబస్ మంచిదో మీరైనా చెప్పండి టీచరుగారూ" అన్నాను. ఆవిడ పుస్తకాలవైపు చూడనైనా చూడలేదు. "ముందు ఇది చెప్పు. ముగ్గురికీ అన్నం ఎలా పెడతావ్? మూడు పొయ్యిలు వెలిగించి మూడు పప్పులు వండుతావా?"

"లేదండీ. ఒకటే పప్పు."

"మరి! చిన్నదానికి నెయ్యేసి మెత్తగా పిసుకుతావు. నడిపివాడికి నంజుకోను వడియాలు పెడతావు. పెద్దదానికి ఆవకాయ వేస్తావు. పాఠమూ అంతేనే పిచ్చిదానా. ఒక్కటి వండు, ముగ్గురికీ వాళ్ళ నోటికి తగ్గట్టు కలుపు." అని, చిన్ని మెళ్ళోంచి టై తీసేసి బల్ల మీద పడేశారు. ఆ పిల్ల అంత హాయిగా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో!

మర్నాడే ఆవిడ పెరట్లో సున్నం తడిపారు. పిల్లల్ని దూరంగా నిలబెట్టి, "నీళ్ళు చల్లనివే, రాయి చల్లనిదే, మరి పొగలెందుకొస్తున్నాయర్రా?" అనడిగారు. చిన్ని ఆ పొగల బొమ్మ వేసింది. నీళ్ళు ఎంతసేపు ఉడికాయో కార్తీక్ గడియారం చూసి రాసుకున్నాడు. హారిక సైన్సు పుస్తకంలో దాని సమీకరణం వెతికింది. సాయంత్రం వాళ్ళ నాన్నను కూర్చోబెట్టి, ఫ్యాక్టరీలో ఆ రాయిని ఏం చేస్తారని ముగ్గురూ ఊపిరాడనివ్వకుండా అడిగారు. ఆయన నిద్ర మానేసి మరీ చెప్పారు. అప్పటినుంచి అదే పద్ధతి. నాలుగు రోజులకో విషయం. పిల్లల ప్రశ్నకు ఏ పుస్తకంలో జవాబుంటే ఆ పూటకు అదే మా సిలబస్సు. పైగా టీచరుగారు ఒక కట్టుబాటు పెట్టారు: హారిక నేర్చుకున్నది కార్తీక్‌కు చెప్పాలి, వాడు చిన్నికి చెప్పాలి. వినేవాళ్ళకు అర్థం కాకపోతే చెప్పినవాళ్ళు మళ్ళీ చదువుకోవాలి.

అలా రెండేళ్ళు గడిచాయి. ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు. లెక్కలు వద్దని హారిక ముందే చెప్పేసింది. లోపల నేనూ ఊపిరి పీల్చుకున్నాను. లెక్కలు లేకపోతే పాసవడం ఖాయం, పందెం మాదే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పొద్దున కార్తీక్ పెసరట్టు ముందు పెట్టుకుని ఏడుస్తున్నాడు. "అరని పావుతో భాగిస్తే రెండంట! భాగిస్తే తగ్గాలిగానీ పెరుగుద్దా?"

హారిక వాడి కంచంలోంచి సగం అట్టు తీసింది. "ఈ సగంలో పావు ముక్కలు ఎన్నొస్తాయ్?"

"రెండు."

"అంతేరా! నీకెంతొస్తుందని కాదు, ఎన్ని ముక్కలొస్తాయనే అడుగుతున్నారు." వాడి ముఖం వెలిగిపోయింది. వాడికంటే దాని ముఖం ఎక్కువ వెలిగింది. అట్టు తింటూనే నావైపు తిరిగి, "అమ్మా, లెక్కలు కూడా పెట్టేయ్" అంది.

పోతే దానొక్కదాని పరీక్షేనా, ముగ్గురి బతుకూ మళ్ళీ హాస్టల్లో పడుతుంది! టీచరుగారి దగ్గరికి పరుగెత్తాను. "మీరన్నా వద్దని చెప్పండి. మీ మాటైతే వింటుంది." ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టారు. "భయపడి వదిలేసిన పిల్ల తనంతట తాను మళ్ళీ అడుగుతోంది. ఇప్పుడు వద్దంటే ఇక జన్మలో దాని జోలికి పోదు. పరీక్ష దానిదమ్మాయ్, నీది కాదు. నువ్వు నోరు మూసుకో." నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను.

పరీక్ష నందిగామలో పడింది. లెక్కల రోజున ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే మాతో బస్సెక్కారు. హారిక లోపలికి వెళ్ళాక నేను గేటువైపే చూస్తూ కూర్చుంటే, ఆవిడ కార్తీక్‌నీ చిన్నినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎదురుగా ఆగే బెజవాడ బస్సులెక్కి ఎవరెవరు ఏ పనికి పోతున్నారో ఊహించమని ఆట పెట్టారు. ఆవిడకు నిజంగానే బెంగ లేదు. హారిక బయటికి వస్తూనే, "ఆకలేస్తోందమ్మా" అంది. లెక్కల పరీక్ష రాసొచ్చి అన్నమడిగిన పిల్లను చూసి, ఫలితం ఏమైనా సరే నేను గెలిచేశాననుకున్నాను.

ఫలితమూ వచ్చింది. అన్నీ పాస్! అందులోనూ లెక్కల్లోనే ఎక్కువ మార్కులు. మామగారు ఫోన్ తెర కళ్ళద్దాలతో ఒకసారి, తీసి ఒకసారి చూసుకున్నారు. తర్వాత బజారుకెళ్ళి రెండు పెట్టెల కాజాలు తెచ్చి వీధంతా పంచారు. "నేనన్లా? మా మనవరాలు ఇంట్లో చదివే పాసవుద్దని!" అని కనబడిన ప్రతివాడికీ చెప్పారు. టీచరుగారు రెండు కాజాలు తిని, "మీరన్లేదుగానీ, తీపి బాగుందండీ" అన్నారు. ఇల్లంతా ఒకటే నవ్వులు.

టీచరుగారు పోయి రెండేళ్ళు దాటింది. హారిక ఇప్పుడు నందిగామలో డిగ్రీ చదువుతోంది, లెక్కలే. మొన్న పదో తరగతి కట్టడానికి కార్తీక్ వంతు వచ్చింది. దరఖాస్తులో సబ్జెక్టులు ఎంచుకుంటూ సైన్సు తీసేసి చిత్రలేఖనం పెట్టాడు. వద్దనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. "బొమ్మలు గీసి ఏం తింటావురా?" అని మామగారు అననే అన్నారు. నేను వంటింట్లోంచి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. "వాడి చదువు మావయ్యగారూ. వాణ్ణే ఎంచుకోనివ్వండి" అన్నాను. పెళ్ళై వచ్చాక ఆయన ముఖం మీదే నేను ఎదురు చెప్పడం అదే మొదలు. కార్తీక్ నావైపొకసారి చూసి, నవ్వుకుంటూ దరఖాస్తులో తన పేరు కింద సంతకం పెట్టేశాడు.