మాట్లాడవలసినవారు

ఆరో తరగతిలో బోర్డు మీద నా పేరు పక్కన ఇంటూ ఐదు అని రాసిన మనిషి ఇప్పుడు భవానీపురంలో మా వీధిలోనే ఉంటుంది. కూరగాయల బండి దగ్గర నవ్వుతూ పలకరిస్తుంది. నేనూ పలకరిస్తాను. మరిచిపోలేదు.

సార్ క్లాసులో లేనప్పుడు లీడర్ బోర్డు మూలన "మాట్లాడినవారు" అని రాసి, కింద గీత గీసి, పేర్లు ఎక్కించేది. మన బళ్ళలో చదివినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రోజు నేను పక్కపిల్లను రబ్బరు అడిగాను. పేరు ఎక్కింది. "నేను మాట్లాడలేదు" అన్నాను. అలా అనడం కూడా మాట్లాడటమే కనక ఇంటూ రెండు అయింది. "అన్యాయం" అన్నాను, ఇంటూ మూడు. ఐదు దాకా వెళ్ళాక ఏడుపొచ్చి ఆగిపోయాను. సార్ వచ్చి గోడకుర్చీ వేయించారు. ఎందుకు మాట్లాడావని ఆయన అడగలేదు. నాకు రబ్బరూ దొరకలేదు.

ఈ సంగతి ఒకసారి ఆమెతో అన్నాను. "ఇంకా గుర్తు పెట్టుకున్నావా తల్లీ! బెండకాయలు లేతగా ఉన్నాయి, తీసుకో" అంది. అదీ గుర్తు పెట్టుకున్నాను.

మంగళగిరిలో ఒక ప్రైవేటు బడిలో పన్నెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. నిరుడు తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని నేనే. ఆ క్లాసులో మగ్గాల ఇంటి పిల్ల ఒకతె ఉండేది. ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేది. జవాబు రాకపోతే ఏదో ఒక మాట అరిచేది. లీడర్ రాసే లిస్టులో ఆ పేరు ఇంటూ పన్నెండు దాకా పోయింది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు.

"నెలాఖరు దాకా చూస్తాను మేడం. మీ లిస్టులో ఆ పేరు తగ్గకపోతే టీసీ ఇచ్చి పంపించేస్తా."

ఏడాది మధ్యలో టీసీ ఇస్తే తొమ్మిదో తరగతి పిల్లను ఏ బడీ చేర్చుకోదు. ఆ పిల్ల ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చుంటుంది. ఆ పని తక్కువదని నేననడం లేదు. ఆ పిల్ల దాన్ని కోరుకోలేదు, అంతే.

మర్నాడు అడిగాను. "ఎందుకే అలా అరుస్తావ్?"

"అరవట్లేదు టీచర్, మాట్లాడుతున్నా."

"దీన్ని మాట్లాడ్డం అంటారా?"

"మా ఇంట్లో రెండు మగ్గాలు టీచర్. మెల్లగా అడిగితే అన్నం కూడా పెట్టరు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొస్తూ బస్సులో అదే ఆలోచించాను. మాట్లాడొద్దని ఆ పిల్లకు చెప్పినవాళ్ళే అందరూ. మాట్లాడాలనిపిస్తే ఏం చేయాలో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

ఆ సోమవారం పాత లిస్టు చెరిపేసి, అదే మూలన "మాట్లాడవలసినవారు" అని రాశాను. ఎవరికి మాట పుడితే వాళ్ళు చప్పుడు చేయకుండా లేచి, తమ పేరు తామే రాసుకుని వచ్చి కూర్చోవాలి. ఒకరి పేరు ఇంకొకరు రాయకూడదు. పీరియడ్‌లో చివరి పది నిమిషాలు వాళ్ళవి. సందేహమైనా సరే, నా మీద ఫిర్యాదైనా సరే.

స్టాఫ్‌రూమ్‌లో హిందీ మేడం అందరి ముందూ అంది. "ఏవండీ, క్లాసులో అసెంబ్లీ పెట్టారంటగా! స్పీకర్ ఎవరండీ?" అందరూ నవ్వారు. నా డబ్బాలోంచి గోంగూర పచ్చడి వేసుకుంటూ నవ్విన సైన్సు సార్‌తో సహా.

మొదటి వారం వాళ్ళ నవ్వుకు తగ్గట్టే నడిచింది. ముప్పై పేర్లతో బోర్డు నిండిపోయింది. ఒకడు లేచి "టీచర్, బెల్లెప్పుడు?" అని కూర్చున్నాడు. ఎవరి కోసం ఇదంతా పెట్టానో ఆ పిల్ల మాత్రం పేరు రాయలేదు. ఎప్పటిలాగే అరుస్తూనే ఉంది. శుక్రవారం నేను బోర్డు వైపు తిరిగి లెక్క చేస్తుంటే వెనక నుంచి పెద్ద కేక వినపడింది. తిరిగి చూడకుండానే ఆ పిల్ల పేరు పిలిచి "బయటికి నడు" అన్నాను. మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం మూలన మొదటిసారి ఆ పేరు కనపడింది. చివరి పది నిమిషాల్లో లేచి నిలబడింది. వెనక బెంచీలవాళ్ళు ముందుకు వంగి వినాల్సినంత మెల్లగా మాట్లాడింది.

"శుక్రవారం అరిచింది నేను కాదు టీచర్. మీరు తిరిగి చూడలేదు. కాదంటే ఇంకా తిడతారని ఊరుకున్నా."

ఇలాంటివి మరిచిపోని మనిషి ఎంతకాలం మరిచిపోకుండా ఉంటుందో నాకు తెలుసు. నలభైమంది ముందు "తప్పు నాదే" అన్నాను. ఆ మాట అనడం నాకు తేలిక కాదు. నాతో ఎవరూ అనలేదు గనక అలవాటు లేదు.

తర్వాత రోజూ ఆ పేరు మూలన ఉండేది. ఒకసారి నా లెక్కలో తప్పు పట్టుకుంది. ఒకసారి ముందు బెంచీవాళ్ళ తలలు అడ్డొస్తున్నాయంది, చోటు మార్చాను. పాత అలవాటు కొద్దీ రెండుసార్లు మధ్యలో అరవబోయింది. నేను చాక్‌పీసుతో మూలకేసి చూపించాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళి రాసుకుంది.

నెలాఖరున ప్రిన్సిపాల్ ఆ పిల్ల తల్లినీ నన్నూ పిలిపించారు. వెళ్ళేసరికి బల్ల మీద క్షమాపణ పత్రం టైపు చేసి సిద్ధంగా ఉంది. మా అమ్మాయి ప్రవర్తనకు క్షమించండి, మళ్ళీ జరిగితే టీసీ తీసుకుంటాం అని. పక్కన బోర్డు మీది పేర్ల కాపీ ఉంది. లీడర్ చేత రోజూ రాయించుకున్నారట.

"ఈ నెలలో పద్దెనిమిది సార్లు మేడం. ఇంకేం చెప్తారు?"

"పైన హెడ్డింగ్ చదవండి సార్."

"మాట్లాడినవారు" అన్నారు చూడకుండానే.

"ఇంకోసారి చదవండి."

కళ్ళజోడు సర్దుకున్నారు. "మాట్లాడ... వలసినవారు. ఏంటండీ ఇది?"

కొత్త లిస్టు గురించి ఆయనకు నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. "అరవాలనిపించిన పద్దెనిమిది సార్లూ అరవకుండా లేచి పేరు రాసుకుంది సార్" అన్నాను.

ఆయన ఆ కాగితం పక్కకు నెట్టి క్షమాపణ పత్రం ముందుకు జరిపారు. "సర్లెండి. ఈసారికి క్షమిస్తున్నాం. అమ్మా, ఇక్కడో సంతకం పెట్టి వెళ్ళండి."

తల్లి పెన్ను అందుకుంది. "పెట్టేస్తానండి మేడంగారూ. పిల్ల చదువు సాగితే చాలండి."

"పెట్టొద్దమ్మా. ఏ తప్పుకి పెడతావ్?"

"మీరు టీచరా, లాయరా?" అన్నారు ప్రిన్సిపాల్.

"టీచర్నే సార్. అందుకే అడుగుతున్నా. ఏ తప్పుకి?"

తల్లి మా ఇద్దరినీ చూసి పెన్నుకు మూత పెట్టింది. "మా పిల్ల ఏం చేసిందో అందులో రాయండి సార్. అప్పుడు పెడతా" అంది. ఆ గొంతుకు బయట అటెండర్ తలుపు తీసి చూశాడు.

పత్రం అలాగే ఉండిపోయింది. టీసీ మాట మళ్ళీ రాలేదు. తల్లిదండ్రుల ముందు యాజమాన్యాన్ని ధిక్కరించానని నాకు మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో జవాబు ఇమ్మన్నారు. ఒక్కరోజులో నాలుగు పేజీలు రాసిచ్చాను. దానికి వాళ్ళ జవాబు ఇప్పటికీ రాలేదు.

ఈ ఏడు నన్ను ఏడో తరగతికి మార్చారు. ఆ పిల్ల పదో తరగతికి లెక్కలు చెప్పడానికి కొత్త సార్ వచ్చారు. మొన్న వరండాలో ఎదురుపడి తనే చెప్పింది. మొదటి రోజు బోర్డు మూలన పేరు రాసుకుంటే ఆయన చెరిపేశారట. రెండో రోజు రాస్తే మళ్ళీ చెరిపేశారట. మూడో రోజు రాసి కూర్చుంటే, డస్టర్ పట్టుకుని ఆగి, "ఏంటమ్మా, ఏం కావాలి?" అని అడిగారట.