గట్టిగా చదివే వీరభద్రయ్య

మా వీరభద్రయ్యకు ఒకటే జబ్బు. కంటబడిన అక్షరాన్ని పైకి చదవకుండా వదలడు. అది గోడమీదుందా, మందుసీసా మీదుందా, గోనెసంచి మీదుందా అనే తేడా ఆయనకు లేదు. మనసులో చదువుకోవడం అనే విద్య ఒకటుందని ఆ మనిషికి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను చెప్పాను. మార్కాపురంలో ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి, పైగా పక్కింటివాణ్ణి, నేను కాకపోతే ఇంకెవరు చెబుతారు? వాళ్ల అరుగుమీద కూర్చుని, "కళ్లతో చదువుకోరాదా బావా, నోరెందుకు?" అని అడిగాను. "నోరుండేది ఎందుకు బావా మరి?" అంటూ నా చేతిలో పేపరు లాక్కుని, మొదటి పేజీ వార్త నుంచి చివరి పేజీలో అచ్చువేసినవాళ్ల చిరునామా దాకా వినిపించాడు. పక్కనే ఆయన భార్య తులసమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటోంది. పాపం, ఆ ఇల్లాలి చెవులు ఏ జన్మలో ఏం పాపం చేశాయో అనుకున్నాను.

ఒకసారి వాళ్లిద్దరూ నేనూ, మా మూడు ప్రాణాలూ గిద్దలూరు బస్సెక్కాయి. కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు. "పొగ త్రాగరాదు. చేతులు, తల బయట పెట్టరాదు. టిక్కెట్టు లేని ప్రయాణం నేరం."

ముందు సీట్లో ఆవిడ గిర్రున తిరిగింది. "టిక్కెట్టు కొన్యా గదయ్యా. నన్నంటావేంది?"

"నిన్ను గాదమ్మా. రాసినారు, చదువుతా ఉండా."

కండక్టరు వచ్చి దణ్ణం పెట్టాడు. "పెద్దాయనా, నా డ్యూటీ నువ్వే జేస్తే నేను యాడికి పోవాల?"

చెన్నకేశవస్వామి గుడిలో 'నిశ్శబ్దము పాటించవలెను' అనే బోర్డుంటే, దాన్ని పూజారి మంత్రం మధ్యలో తప్పిపోయేంత గట్టిగా చదివిన ఘనుడు. పెళ్లిళ్లలో బంతికి కూర్చుంటే మంచినీళ్ల సీసా మీద ఉన్నదంతా చదివేదాకా ఆకులో చెయ్యి పెట్టడు. ఎదురు బంతివాళ్లు పెరుగన్నంలోకి వచ్చేస్తారు.

ఆయన దుకాణం పురుగుమందులది. ఆయన కౌంటరు దగ్గర, తులసమ్మ వెనక సీసాలు అందిస్తూ స్టూలు మీద. పెద్దారవీడు నుంచి కాటమరాజు మిరపతోటకు మందు కోసం వస్తే, సీసా ఇవ్వడానికి రెండు నిమిషాలు, దానిమీది కాగితం చదవడానికి ఇరవై నిమిషాలు.

"చేతులకు తొడుగులు వేసుకోవలెను. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు..."

"సెట్టీ, బస్సు పోతది."

"...ఖాళీ సీసాను గుంత తీసి పూడ్చవలెను."

"ముందు నన్ను పూడ్చు సెట్టీ. బస్సు పోయింది."

అంతా అయ్యాక ఆ సీసాను వెనక్కి తిప్పి తులసమ్మకు చూపించి, "ఎర్రమూత, ఎడం చేతి అర" అనేవాడు. ఆమె తలూపేది. ఈ ఆట నేను ఏళ్ల తరబడి చూశాను. చూసి నవ్వాను. నవ్వడంలో మా ఊరివాళ్లకు తీసిపోయినవాణ్ణి కాదు.

నిరుడు మాఘమాసంలో కాశీ ప్రయాణం పెట్టుకున్నాం. బట్టల దుకాణం శ్రీహరి నాయకుడు. ఇరవై రెండు మందిమి, హైదరాబాదు దాకా బస్సు, అక్కణ్నుంచి విమానం. కాశీకి పోతే ఇష్టమైనదాన్ని ఏదో ఒకటి వదిలేసి రావాలి గదా. ఎవరేం వదిలేస్తారో బస్సులోనే తేల్చేసుకున్నారు. శ్రీహరి సీతాఫలం వదిలేస్తానన్నాడు. ఆయనకు షుగరు, డాక్టరు ఎప్పుడో మాన్పించాడు. ఆయన భార్య అరుణకుమారి పొట్లకాయ వదిలేస్తానంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పొట్లకాయ తిన్నది లేదు. నేను కాకరకాయ. నా సంగతి కూడా అంతే. గంగమ్మతల్లిని ఇరవై రెండు మందిమీ కలిసి మోసం చేయడానికి బయల్దేరాం.

విమానంలో కూర్చున్నాం. విమానంలో పనిచేసే అమ్మాయి నడవలో నిలబడి బెల్టు ఎట్లా పెట్టుకోవాలో, తలుపులు ఎక్కడున్నాయో చేతులతో చూపిస్తోంది. ఎవరు చూశారు? శ్రీహరి కిటికీలోంచి రెక్కను ఫోటో తీస్తున్నాడు. అరుణకుమారి మురుకుల డబ్బా తెరిచింది. నా వెనక ఒకాయన ఫోనులో, "ఆఁ, ఎక్కినాం, ఇంగ లేస్తది" అని కనిగిరిలో ఎవరికో చెబుతున్నాడు. నేను మాత్రం చూశానా? ఆ అమ్మాయి చెప్పేదంతా నాకు తెలుసన్నట్టు మొహం పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. చదువుకున్నవాడి మొహం అట్లాగే ఉంటుంది.

వీరభద్రయ్య చూశాడు. చూసి ఊరుకున్నాడా? ముందు సీటు జేబులోంచి జాగ్రత్తలు రాసిన అట్ట తీశాడు. ఇంగ్లీషులో, హిందీలో ఉంటే ఏం, ఆ కాలం బీకాం ఆయన. ఒక్కో ముక్కా తెలుగు చేసి చదవడం మొదలుపెట్టాడు.

"పొగ వచ్చినచో కిందికి వంగి నడవవలెను. సామాను ఎక్కడిదక్కడ వదిలివేయవలెను. విమానము నీళ్లలో పడినచో..."

అరుణకుమారి చేతిలో మురుకు విరిగింది. "శుభమా అని కాశీకి పోతా ఉంటే పడినచో అంటాడేంది! మాస్టారూ, మీ పక్కింటాయన నోరు మూయించండి."

"రాసినారమ్మా, చదువుతా ఉండా."

"రాసినోళ్లకు బుద్ధి లేదు, చదివేటోనికీ లేదు. తథాస్తు దేవతలుంటారు పైన!"

"పైన గాదు. ఇప్పుడు మనమే ఆళ్ల దగ్గరికి పోతా ఉండాం" అన్నాడు శ్రీహరి. విమానంలో తెలుగు తెలిసినవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

అంతటితో ఆగితే ఆయన వీరభద్రయ్య ఎందుకవుతాడు? విమానం పైకి లేచి, బెల్టు దీపం ఆరిపోగానే భార్యను లేవదీశాడు. వెనక తలుపు దాకా ఆమెను నడిపిస్తూ, ప్రతి సీటు తలమీదా ఆమె చేత చెయ్యి వేయిస్తూ, "ఒకటి... రెండు... మూడు..." మొత్తం తొమ్మిది. మళ్లీ వెనక్కి. మళ్లీ ఇంకోసారి, ఈసారి ఆమె కళ్లు మూసుకుని. నిద్రపోతున్న ఒకాయన నెత్తిన తులసమ్మ చెయ్యి పడితే, ఆశీర్వాదం అనుకుని దణ్ణం పెట్టాడు.

"ఏంది బావా ఇది? పరువు తీస్తుండావు" అన్నాను.

"అట్టమీద రాసినారు బావా, తలుపు ఎన్ని వరసల దూరమో లెక్క పెట్టుకోమని."

"రాస్తారయ్యా! రాసినవన్నీ చేస్తారా ఎవరైనా?"

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోటితో అన్నమాట అది. రాసుకోండి.

వారణాసిలో చక్రాలు నేలను తాకాయి. మనవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అరుణకుమారి, "తథాస్తు దేవతలు ఈసారికి ఇడిసిపెట్టినారు" అని వీరభద్రయ్యను ఒక చూపు చూసింది. విమానం పరిగెత్తి పరిగెత్తి ఆగింది. ఆగాక ఏదో తీగ కాలిన వాసన. ముందు వైపు నుంచి పొగ. మొదట సాంబ్రాణి వేసినంత ఉందది. మనం అయ్యో అనేలోపలే పక్కమనిషి కనిపించనంత అయింది. దీపాలు పోయాయి. అన్నీ వదిలేసి వెనక తలుపు నుంచి దిగమని మైకులో హిందీలో, ఇంగ్లీషులో అరిచారు.

వీరభద్రయ్య దంపతులు తప్ప మిగతా ఇరవై మందిమీ లేచి పైనున్న అరలు తెరిచాం.

ఇక్కడ నేను అబద్ధం చెప్పదలుచుకోలేదు. కాశీలో అన్నీ వదిలేస్తామని బయల్దేరినవాళ్లం ఒక్కరం కూడా చేతిసంచి వదల్లేదు. శ్రీహరి పట్టుచీరల సూట్‌కేసు లాగుతున్నాడు. ఒకరు ఆ పొగను వీడియో తీస్తున్నారు. నా సంచిలో రెండు పంచెలు, ఒక టార్చిలైటు, అరకిలో జీడిపప్పు. ఆ అరకిలో జీడిపప్పు కోసం నేను నడవకు అడ్డంగా, నా వెనక పిల్లాపాపలతో ఉన్నవాళ్లను ఆపి, ఇరుక్కుపోయిన సంచిని లాగుతూ నిలబడ్డాను. టార్చి తీద్దామంటే జిప్పు దొరకలేదు. తలుపు ఎటో తెలియలేదు. తలుపుమీద ఎర్రక్షరాలు ఉంటాయంటారు, నాకేమీ కనిపించలేదు. నేను చదివిన రెండు ఎమ్మేలు అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

మా వరసలోంచే వీరభద్రయ్య గొంతు ఒక్కటే వినబడుతోంది. "సంచులు ఇడిసిపెట్టండి! వంగండి! నోటికి గుడ్డ పెట్టుకోండి!" ఆయన నోటికి మాత్రం గుడ్డ లేదు, పెట్టుకుంటే అరవడమెట్లా? ఎవరో "ముయ్యరా నోరు" అన్నారు. దగ్గుతూనే అరిచాడు. మాట కీచుమని, తర్వాత గీరుకుపోయి, తర్వాత ఆగిపోయింది.

అప్పుడు ఎవరో నా చొక్కా పట్టి లాగారు.

"అన్నా, సంచి ఇడిసిపెట్టు. నా కొంగు పట్టుకో."

తులసమ్మ. వదిలేశాను. ఆమె కొంగు నేను, నా చొక్కా శ్రీహరి, శ్రీహరి చెయ్యి అరుణకుమారి, ఆ వెనక ఎవరెవరో. మోకాళ్ల దాకా వంగి, సీట్ల మీద చెయ్యి వేసుకుంటూ ఆమె ముందు నడిచింది. "ఒకటి... రెండు..." గొంతులో వణుకు లేదు. శనగలు కొలుస్తున్నట్టు లెక్కపెడుతోంది. ఏడు దగ్గర నేను ఇదే తలుపనుకుని పక్కకు తిరగబోతే గద్దించింది. "ఇంకా రెండుండాయి, రా!" తొమ్మిది అన్నచోట గాలి తగిలింది. విమానం అమ్మాయి మమ్మల్ని జారుడుబల్ల మీదికి ఒక్కొక్కరినే తోసింది. అందరికంటే చివర వీరభద్రయ్య జారాడు, ఖాళీ చేతులతో, మసి మొహంతో.

ఎవరికీ ఏం కాలేదు. ఏం కాకపోతే మనుషులు ఎంత తొందరగా మామూలైపోతారో ఆ రోజు చూశాను. ఆసుపత్రి హాల్లో కూర్చోబెట్టిన గంటకల్లా శ్రీహరి ఊరికి ఫోను చేసి, "మా గుంపునంతా నేనే బయటికి లాక్కొచ్చినా" అంటున్నాడు. ఇంకో పక్క, "ఆ పడినచో కాలినచో అన్న నోరుంది చూడు, అంతా దానివల్లే వచ్చింది" అని తీర్పు చెప్పేశారు. ఎవరి లెక్కను నమ్ముకుని బతికామో ఒక్కరికీ గుర్తులేదు. డాక్టరు వచ్చి, పొగకు వీరభద్రయ్య గొంతు వాచిందనీ, పదిరోజులు ఒక్కమాట కూడా మాట్లాడకూడదనీ చెప్పాడు.

"కాశీలో ఇష్టమైంది ఇడిసిపెట్టాల గదా. మనందరిలోకీ నిజంగా ఇడిసిపెట్టింది ఈయనొక్కడే" అంది అరుణకుమారి. హాలంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. జీడిపప్పు గుర్తొచ్చింది.

ఇంతలో విమానం కంపెనీ మనిషి వచ్చి అందరికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. హైదరాబాదు విమానం గదా, తెలుగులో అచ్చువేసిన నాలుగు పేజీలు. ఎవరికివారు చదివి, టిక్కులు పెట్టి, సంతకం చేస్తేనే బస్సు ఎక్కనిస్తారట. అందరూ తలలు వంచారు.

తులసమ్మ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని దానివైపు చూడలేదు. మొగుడి నోటివైపు చూస్తూ కూర్చుంది. వీరభద్రయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి తెరిచాడు. నర్సు వేలు చూపించి బెదిరించింది. ఆమె అట్లాగే ఎదురుచూస్తోంది. చేతిలో పెన్నుంది, సంతకం ఎక్కడ పెట్టాలో తెలియని పెన్ను.

అప్పుడు తట్టింది నాకు. తులసమ్మ పక్కన లేనప్పుడు ఈ మనిషి పైకి చదవగా నేనెప్పుడైనా విన్నానా? ఒంటరిగా మా ఇంటికొచ్చి గంటలకొద్దీ పేపరు చూసేవాడు, కిక్కురుమనేవాడు కాదు. బస్సులో ఆమె ఉంది. గుడిలో ఉంది. పెళ్లి బంతుల్లో ఉంది. దుకాణంలో వెనక స్టూలు మీద ఉంది. ఆమెకొక్కదానికే చదివితే నలుగురికీ తెలిసిపోతుందని, ఊరందరికీ చదివాడు. పిచ్చోడనిపించుకున్నాడు, ఆమెను ఒక్కరూ చదువురానిదని అనకుండా చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు అక్షరాలు దిద్దించిన పంతుల్ని, గోడకు ఇవతల ఉండి అది కనిపెట్టలేకపోయాను. పైగా ఆమె చెవుల మీద జాలిపడ్డాను. నామీద నాకే ఒళ్లు మండింది.

వీరభద్రయ్య నన్నే చూస్తున్నాడు. దొంగతనం బయటపడినవాడి చూపు. ఎవరికీ చెప్పకు బావా అన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

నేను లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను. హాలు అదిరిపోయేటట్టు మొదలుపెట్టాను. "ప్రయాణికుల వివరముల పత్రము! మొదటి ప్రశ్న! మీకు ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినదా? తగలలేదు అంటే కుడిపక్క గడిలో టిక్కు!"

"ఏంది సారూ?" శ్రీహరి తల పట్టుకున్నాడు. "ఆయన నోరు మూతబడిందని సంతోషపడే లోపల నీకు అంటుకున్నదా? మాకు కండ్లు లేవా?"

"అంటుకుంది శ్రీహరీ. దీనికి మందు లేదంట. నోరుమూసుకుని విను. రెండో ప్రశ్న! మీ సామాను ఏమైనా పోయినదా? పోయినచో అడుగున వివరము రాసి..."

"అన్నా." తులసమ్మ మెల్లగా పిలిచింది.

"ఏందమ్మా?"

"కొంచెం నిదానంగా చదువు. పంతులువై ఉండి ఆ ఉరుకేంది? ఆయనైతే ఒక్కో మాటా మనిషికి ఎక్కిందాకా ఆగుతాడు."

వీరభద్రయ్య భుజాలు కదిలేటట్టు నవ్వాడు, చప్పుడు లేకుండా. నవ్వకూడదని నర్సు కసిరింది. నేను మూడో ప్రశ్న నిదానంగా చదివాను.