నేను పొయ్యని సీసా

వైన్ గురించి నేర్చుకోబోతున్నానని చెప్పిన రోజు మా అత్త అన్నం కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆవిడ నాకు అత్తగారు కాకముందు మేనమామ భార్య. చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి. అలాంటి మనిషి గుమ్మం దగ్గర నిలబడి, నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"ఆడగుంటవి, మందు పోసీ పనేటే నీకు? రేపు మనోళ్ళు అడిగితే ఏటి సెప్పమంటావు?"

"తాగడానికి కాదత్తా. నేర్సుకోడానికి ఎల్తన్నాను. నోట్లో పోసుకుని ఉమ్మీడమే."

"ఉమ్మీడం కూడా నేర్సుకోవాలేటి?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

అప్పటికి తొమ్మిదేళ్ళుగా విశాఖ బీచ్ రోడ్డులో ఒక హోటల్ భోజనశాలలో వడ్డన పని చేస్తున్నాను. మాది ఆనందపురం దగ్గర పల్లె. నాన్న మల్లె, లిల్లీ, దవనం వేసేవాడు. తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్ళే బుట్టల్లో నిన్నటి పూలు కలిసిపోతే వాసన చూసి ఏరడం నా పని. ముక్కు పనికొస్తుందని నాకు ఆ వయసులోనే తెలుసు. దాంతో జీతం వస్తుందని మాత్రం తెలియదు.

హోటల్లో ఒక నోటీసు పెట్టారు. ఒక వైన్ కంపెనీ తరఫున శిక్షకుడు వస్తున్నాడు, మూడు మధ్యాహ్నాలు పాఠం చెబుతాడు, ఆసక్తి ఉన్నవాళ్ళు పేర్లు ఇవ్వవచ్చు. బార్‌లో పనిచేసే ఐదుగురు మగవాళ్ళు పేర్లు రాశారు. కింద నా పేరు రాశాను. మేనేజర్ పిలిచాడు.

"నీకెందుకమ్మా ఇది? ఇంట్లో ఒప్పుకుంటారా?"

"ఇంటి సంగతి నేను చూసుకుంటాను సర్. నోటీసులో మగవాళ్ళకే అని రాయలేదు కదా."

ఆయన నోటీసు వైపు మళ్ళీ చూశాడు. నిజంగానే రాయలేదు.

శిక్షకుడు నాసిక్ వైపు తోటల్లో పనిచేసి వచ్చినవాడు, హైదరాబాద్‌లో పెరిగిన తెలుగువాడు. మొదటి రోజు అందరికీ తలో గ్లాసులో కాస్త తెల్ల వైన్ పోసి, ఒక చార్టు ఇచ్చాడు. అందులో గుండ్రంగా వాసనల పేర్లున్నాయి. అన్నీ ఇంగ్లీషులో, సగం పండ్లు నేను కంటితో కూడా చూడనివి. గ్లాసు తిప్పి వాసన చూసి ఏమనిపిస్తే అది చెప్పమన్నాడు. బార్ వాళ్ళు చార్టు చూసి ఒక్కో పేరూ చదివారు. నా వంతు వచ్చింది.

"దవనం" అన్నాను.

వాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "చార్టులో ఉన్నది చెప్పండి."

"ఇందులో ఉన్న ఈ పండు మీరు తిన్నారా సర్?"

ఆయన లేదన్నాడు.

"నేనూ తినలేదు. దవనం నాకు తెలుసు. తినని పండు పేరు నేనెందుకు చెప్పాలి?"

మర్నాడు రెండు దవనం రెమ్మలు తీసుకెళ్ళి ఆయన గ్లాసు పక్కన పెట్టాను. ఆయన రెమ్మ నలిపి వాసన చూశాడు, గ్లాసు చూశాడు, మళ్ళీ రెమ్మ చూశాడు. తరవాత పాఠం మొదలుపెట్టాడు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మూడో రోజు భోజనం గురించి. ఏ వైన్‌కి ఏ తిండి అని వరుసగా చెప్పి, చివర్లో ఒక మాటన్నాడు. "ఆంధ్రా వంటలతో మాత్రం ప్రయత్నించకండి. ఆ కారం, ఆ చింతపండు ముందు ఏ వైన్ అయినా చచ్చిపోతుంది. చీజ్ ముక్కలూ రొట్టే పెట్టండి, చాలు."

నాకు ఒళ్ళు మండింది. విశాఖ సముద్రం ఎదురుగా కూర్చుని, మన చేపలు తన వైన్‌కి పనికిరావంటాడా? తలుపు దగ్గర నిలబడి వింటున్న వంట మాస్టర్ ముఖమూ మాడిపోయింది. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. వన్ టౌన్‌లో చర్చి వెనక సందులో ఉంటాడు. పాఠం అయ్యాక వంటగదిలో నన్ను ఆపాడు.

"సెల్లీ, మా అమ్మ క్రిస్మస్‌కి జాడీలో నల్లద్రాక్ష ఊరబెట్టీది. కేకుతో తాగీవోళ్ళం, కోడికూరతోనూ తాగీవోళ్ళం. ఒక్కడూ సచ్చిపోలేదు, వైనూ సచ్చిపోలేదు. కుదర్దంటాడేటి ఈయన?"

"సూద్దాం మాస్టర్" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలు ముగిశాక సాయంత్రం పని మొదలయ్యే దాకా మాకు రెండు గంటల విరామం. మేనేజర్‌ని అడిగి, సీసాల్లో మిగిలిన అడుగూబొడుగూ తీసుకున్నాం. మాస్టర్ రోజుకో వంట కొద్దిగా చేసేవాడు. శిక్షకుడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదని మొదటి రోజే తేలింది. చేపల పులుసు తిని వగరు ఎక్కువున్న ఎర్ర వైన్ తాగితే తుప్పు పట్టిన రేకు నాకినట్టుంది. గుంటూరు మిరపకాయతో అదే వైన్ నాలుకని కాల్చేసింది. మాస్టర్ సింక్ దగ్గరకు పరుగెత్తాడు. కానీ మేము ఆపలేదు. చల్లగా, కాస్త తీపి తగిలే తెల్ల వైన్ రొయ్యల ఇగురుతో తాగిన రోజు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కారం తగ్గలేదు, వైనూ చెడలేదు. నెత్తళ్ళ చేపల వేపుడుకి బుడగల వైన్ కుదిరింది, నూనె జిడ్డు కోసుకుంటూ పోయింది. పులుసుకి దగ్గరగా వచ్చింది ఒక్కటీ లేదు. అదీ రాసుకున్నాను.

కొన్ని నెలల తరవాత హోటల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం వైన్ విందు పెట్టారు. నగరంలో పేరున్నవాళ్ళు ముప్ఫైమంది. నేను మేనేజర్‌తో వారం రోజులు వాదించి మెనూలో రొయ్యల ఇగురూ నెత్తళ్ళూ పెట్టించాను. రెండూ మొదటి అరగంటలోనే అయిపోయాయి. శిక్షకుడు కూడా వచ్చాడు. రెండోసారి నెత్తళ్ళు వడ్డించుకున్నాడు, కానీ పాత మాట ఎత్తలేదు.

తరవాత ముఖ్య అతిథి తనకోసం ఒక విదేశీ ఎర్ర వైన్ తెప్పించుకున్నాడు. ఆయన హోటల్‌కి ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళూ మీటింగులూ తెచ్చే మనిషి. బిరడా తీసే పని నాది. తీసి, అలవాటుగా వాసన చూశాను. వానాకాలంలో మూసి ఉంచిన గోదాము తలుపు తీస్తే వచ్చే వాసన. తడిసిన గోనె. గ్లాసులో ఒక గుక్క పోసి చూశాను. పండు వాసన చచ్చిపోయింది, గోనె ఒక్కటే మిగిలింది. బిరడాలో ఏదో చెడితే వైన్‌కి ఆ కంపు పడుతుందని పాఠంలో విన్నాను. అంత స్పష్టంగా ఉంటుందనుకోలేదు.

మేనేజర్‌ని పక్కకు పిలిచి చెప్పాను. ఆయన వాసన చూసి, "వైన్ వాసనే కదా" అన్నాడు.

"కాదు సర్. ఇది పాడైపోయింది. ఇంకోటి తీద్దాం."

అతిథి ఇటు తిరిగాడు. "ఏమిటి ఆలస్యం?"

నేనే వెళ్ళి చెప్పాను. "సార్, ఈ సీసా బాగోలేదు. వేరేది తెస్తాను."

ఆయన నన్ను కింద నుంచి మీద దాకా చూశాడు. "నువ్వు నాకు వైన్ గురించి చెప్తావా? నేను తాగని దేశం లేదు. పొయ్యి."

బల్లకి అటు చివర శిక్షకుడు కూర్చుని ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కంచంలోకి చూస్తున్నాడు.

"పొయ్యమ్మా" అన్నాడు మేనేజర్, పళ్ళ మధ్య నుంచి.

"నాను పొయ్యను సర్."

హోటల్లో పద్ధతిగా మాట్లాడటం నేర్చుకున్న నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది. సీసా గోడ పక్క బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మేనేజరే పోశాడు. అతిథి గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, ఒక గుక్క తాగి, "అద్భుతం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. సీసా సగానికి పైగా తాగారు.

వంటగదిలోకి తిరిగొచ్చిన సీసాలోంచి మాస్టర్ కొంచెం పోసుకుని వాసన చూశాడు. "ఓలమ్మ, గోనె!" అన్నాడు. అంతలో శిక్షకుడు లోపలికి వచ్చాడు. ఆయనా చూశాడు.

"మీరు చెప్పింది నిజం. అక్కడ అనలేకపోయాను. ఆయన మా కంపెనీకీ కావలసిన మనిషి."

"మీరు అనకపోయినా అది గోనె వాసనే సర్."

ఆయన తల దించుకున్నాడు. వైన్ మీద పరీక్షలుంటాయని, నాకోసం సిఫారసు ఉత్తరం రాస్తానని అన్నాడు.

"ఉత్తరం వద్దు. పరీక్ష ఎక్కడ పెడతారో చెప్పండి చాలు."

మర్నాటి నుంచి నన్ను ఉదయం టిఫిన్ల విభాగానికి మార్చారు. వైన్ సీసా కంటికి కనిపించని చోటు. సంగతి బావకి చెప్పాను. నా భర్తని నేను చిన్నప్పటి నుంచీ పిలిచే పిలుపు అది. అతను ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేస్తాడు.

"ఆడు తాగుతానన్నాడు కదా, పోసీవలసింది. నీకేటి పోయింది?" అన్నాడు.

"పగులున్న గొలుసిచ్చి బరువెత్తమంటే నువ్వు ఎత్తుతావా?"

"గొలుసు తెగితే మనిషి పోతాడే. ఇక్కడ ఎవుడు పోతాడు?"

"ఎవుడూ పోడు. నా మాట పోద్ది."

అతను లేచి నా టిఫిన్ డబ్బా కడిగి బోర్లించాడు.

లోపల నుంచి మా అత్త అంతా విన్నట్టుంది. రెండు రోజుల తరవాత వీధి కుళాయి దగ్గర ఆవిడ గొంతు గర్వంగా వినిపించింది. "మా కోడలు అంత పెద్దోడికీ మందు పొయ్యనని మొకం మీదే సెప్పీసింది." ఆవిడకు అర్థమైంది అదే, మందు పనే వద్దన్నానని. ఊరుకుని ఉంటే ఇంట్లో నాకు సుఖంగా ఉండేది. ఊరుకోలేకపోయాను. అందరి ముందూ చెప్పాను.

"అది కాదత్తా. వైన్ పాడైపోయిందని పొయ్యలేదు. బాగుంటే పోసీదాన్నే. రేపైనా పోస్తాను."

అత్త బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మాటల్లేవు. ఈసారి ఐదు రోజులే.

టిఫిన్ల పని మధ్యాహ్నానికే అయిపోయేది. హోటల్ వాళ్ళు శిక్ష అనుకుంది నాకు చదువుకోవడానికి పనికొచ్చింది. మొదటిసారి పరీక్ష తప్పాను. తప్పింది వాసనల దగ్గర కాదు, దేశాల పేర్ల దగ్గర, నేలల రకాల దగ్గర. రెండోసారి రాశాను. పాసయ్యాను. ఆ మేనేజర్ ఇంకో ఊరు వెళ్ళిపోయాడు, కొత్తగా వచ్చినావిడ నా సర్టిఫికెట్ చూసి భోజనశాలలో వైన్ బాధ్యత నాకిచ్చింది.

ఇప్పుడు ఏ వంటకి ఏ వైన్ బాగుంటుందో మాస్టరూ నేనూ కలిసి తయారుచేసిన కార్డు ప్రతి బల్ల మీదా ఉంటుంది. పులుసు దగ్గర "దీనితో మజ్జిగ తాగండి" అని ఉంటుంది. హోటల్ వాళ్ళు కార్డుని ఇంగ్లీషులోనే అచ్చు వేయించారు. తెలుగు కూడా వెయ్యమని అడిగితే, వైన్ తాగేవాళ్ళలో తెలుగెవరు చదువుతారని అన్నారు. నేను వెనక వైపు పెన్నుతో తెలుగులో రాయడం మొదలుపెట్టాను. వాళ్ళు కొత్త కార్డులు వేయిస్తారు, నేను మళ్ళీ రాస్తాను. ఈ ఉదయం కూడా పద్నాలుగు కార్డుల మీద రాసి వచ్చాను.