విమానాలు ఆగిన రోజు పడవలో కూర్చున్న మనిషి

మా పక్కింటాయన పోయిన బుధవారం ఆసుపత్రిలో చనిపోయారు. న్యుమోనియా అన్నారు. గోపాలపట్నంలో ఇన్నేళ్ళూ గోడకు గోడ ఆనుకుని బతికాం.

ఆయన చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చదువుకుని, వాతావరణ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం మేడ మీద నిలబడి, దిగే విమానాన్ని చూపించేవారు. అది పైకి లేస్తూ, దిగుతూ పై గాలి వేగం, దిశ, వేడి కొలిచి కిందికి పంపుతుందట. ఆ కొలతలు అందితే రేపటి గాలిని ఇంకా బాగా అంచనా వేయొచ్చట.

"తుపాను దగ్గరకొచ్చేసరికి ఇమానాలు ఆపెత్తారు. సరిగ్గా మనకి కావలసినప్పుడే ఆ కబురుండదు," అనేవారు.

నేను ఒడ్డున ఐసు కొట్టులో లెక్కలు రాస్తాను. వేటకు వెళ్ళొచ్చా అని పడవలవాళ్ళు నా ఫోన్లోనే ఆయన్ని అడిగేవారు.

కొన్నేళ్ళ కిందట, తుపాను ఒడిశా వైపు పోతుందని అందరూ అనుకుంటున్న రోజున, విమానాలు ఆగిపోయాయి. ఆయన తమ్ముడి వలలు సముద్రంలోనే ఉన్నాయి. తమ్ముడు నా ఫోన్ తీసుకుని అడిగాడు.

"అన్నా, ఎల్లొచ్చా, వద్దా?"

"నాకు తెల్దురా. తెలీనప్పుడు ఎల్లకు."

"తెలీనాయనకి పింఛనీ ఏటికిత్తన్నారు బావా?" అని పక్కవాడు నవ్వాడు. తమ్ముడూ నవ్వి వెళ్ళాడు. పడవ దొరికింది. అతను దొరకలేదు.

తమ్ముడి భార్య ఆయన్ని నిలబెట్టి అడిగింది: "బావా, మన మీదకే వస్తాదని ఒక్క అబద్ధం సెప్పుంటే ఆగిపోయీవోడు గదా?"

 

ఆ తరవాత కూడా ఆయన తెలియనిది తెలుసని అనలేదు. కాని విమానాలు రద్దయ్యాయని వింటే చాలు, బస్సెక్కి ఒడ్డుకు వచ్చేవారు. మా ఒడ్డున మొదటి పడవ కదలందే రెండోది కదలదు. ఆ మొదటి పడవలో ఎక్కి కూర్చునేవారు.

"దిగు మావా, పొద్దెక్కిపోతంది."

"తోసుకెల్లండ్రా. నానూ వస్తాను."

పెద్దమనిషిని తీసుకెళ్ళనూ లేక, మోసి దింపనూ లేక తిట్టుకుంటూ ఆగిపోయేవారు. వాళ్ళలో ఎందరు ఆయన వల్ల బతికి ఉన్నారో నేను చెప్పలేను. ఉన్నారని మాత్రం నమ్ముతాను.

కిందటి నెల వానలో సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు. తుపాను రాలేదు.

"ఈయేల కూడు నీ వల్ల పోనాది మావా," అన్నారు వాళ్ళు.

"పోనీరా," అన్నారాయన వణుకుతూ. ఆ రాత్రి పట్టుకున్న జ్వరం ఇక తగ్గలేదు.

నిన్న మళ్ళీ విమానాలు ఆగాయి. ఒడ్డున అందరూ ఖాళీగా ఉన్న మొదటి పడవ వైపు చూశారు. వద్దని చెప్పడానికి నాకేమీ తెలియదు. ఆయనకూ తెలిసేది కాదు. ఎవరో మొదటి పడవకు భుజం ఆనించారు. మరో ముగ్గురు చేయి వేశారు. అది ఇసక మీద ఎక్కడా ఆగకుండా, తేలిగ్గా నీళ్ళలోకి దిగిపోయింది.