సుద్దగీత తెగిన చోట

మా అమ్మమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ముక్కుమీద ఉంటే ఏదో ఒక తుమ్ముకి ఎగిరిపోయేది. ఆవిడ కోపం చేతుల్లో ఉంటుంది. కోపంలో వేసిన కుట్టు, కారు తుక్కుకు పోయినా ఊడదు. ఈ రహస్యం తెలిసినవాళ్ళు కారు సీట్లు కుట్టించుకోవడానికి వచ్చి, ముందు ఏదో ఒక మాట అని ఆవిడను కాస్త రాజేసి, అప్పుడు పని ఒప్పజెబుతారు.

ఆవిడ పనిచేసేది వాళ్ళ నాన్న వేసిన రేకుల షెడ్డులో. ఒక చివర అమ్మమ్మ కుట్టుమిషను, తోలు చుట్టలు, స్పాంజి ముక్కలు. ఇంకో చివర ఆవిడ తమ్ముడు కార్లకు అద్దాలు బిగిస్తాడు. నేను ఆయన్ని అద్దాల తాతయ్య అంటాను. రెండింటికీ మధ్య అప్పట్లో గోడ లేదు, ఒక బల్ల ఉండేది. దానిమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీ తాగేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, మళ్ళీ టీ తాగేవాళ్ళు. షెడ్డు ముందున్న బోర్డుమీద మాత్రం అద్దం బొమ్మ ఒక్కటే ఉండేది. "నీది సూదిపనే కదమ్మా, దానికి బోర్డెందుకు" అన్నాడట వాళ్ళ నాన్న. ఆయన ఎప్పుడో పోయాడు. ఆ మాట పోలేదు. మా అమ్మమ్మ దానికి రోజూ అన్నం పెట్టి పెంచుతోంది.

ఆవిడ కోపంలో న్యాయం లేదనను. కారులోకి నీళ్ళు వస్తే తడిసేది కింద పరిచిన కార్పెట్. కంపు కొట్టేది సీటు. అందుకని తిట్లు తినేది సీటు కుట్టిన మనిషి. నీళ్ళు ఎక్కడ దూరాయని ఎవరూ అడగరు, "ఏం గుడ్డ వేశావమ్మా" అని అడుగుతారు. ఈ తిట్లు పడలేకే ఆవిడ నీళ్ళ దారి పట్టుకోవడం నేర్చుకుంది. గురువెవరూ లేరు. కోపమే గురువు.

గుడ్డమీద గీతలు గీసుకునే సుద్దబిళ్ళే ఆవిడ ఆయుధం. కార్పెట్ ఊడబీకి, కింద బోసిగా కనిపించే రేకుమీద అడ్డంగా గీతలు గీస్తుంది. తరవాత బయటినుంచి పైపుతో నీళ్ళు కొట్టిస్తుంది. గీత ఎక్కడ తెగితే నీళ్ళు అటునించి వచ్చినట్టు. కొట్టడం కూడా కిందినుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి పోవాలి. ముందే నెత్తిన పోస్తే నీళ్ళు అంతటా జారి, ఏ కన్నం దొంగో తెలియదు.

"నీళ్ళంత అబద్ధాలకోరు లేదే. దూరేది ఒకచోట, తేలేది ఇంకోచోట. సుద్దకి మాత్రం అబద్ధం చేతకాదు" అంటుంది.

అలా ఎండిపోయిన రబ్బర్లను పట్టుకుంది, ఆకులు అడ్డంపడ్డ కాలవలను పట్టుకుంది, ఇంకెవరో వంకరగా బిగించిన అద్దాలను పట్టుకుంది. పట్టుకున్న ప్రతిసారీ సుద్దబిళ్ళ చేత్తో పట్టుకుని, ఆ పని చేసినవాడి దుకాణం దాకా వెళ్ళి, వాడి వంశాన్ని కడిగి వచ్చేది. ఒక్కసారైనా తప్పు ఆవిడది కాలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆవిడ పద్ధతి ఇంకొకటి చెప్పాలి. ప్లాస్టిక్ కవరంటే ఆవిడకు పరమ అసహ్యం. కొత్త సీట్లమీద కవరు తియ్యకుండా కూర్చునేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండిపోతుంది. "గుడ్డకు గాలాడొద్దూ? మీకు చొక్కామీద అట్టపెట్టె తొడిగితే ఎలా ఉంటుంది?" అంటూ తన చేతికి వచ్చిన ప్రతి కారులోనూ కనబడిన ప్లాస్టిక్కునల్లా పీకేస్తుంది. మరి పీకింది పారేస్తుందా అంటే, అదీ లేదు. మంచి ముక్కయితే మడతపెట్టి దాస్తుంది. ఈ మధ్య ఒక మందమైన పట్టా సంపాదించి తన మిషనుకు తొడిగింది. ఎందుకంటే సరిగ్గా మిషను నెత్తినే షెడ్డు రేకు కారుతుంది. ఊళ్ళో కార్ల కన్నాలన్నీ కనిపెట్టే మనిషికి సొంత కప్పు కన్నం పూడ్చే తీరిక లేదు.

ఇక నా సంగతి. తొమ్మిదో తరగతి దగ్గర చదువూ నేనూ ఒకరికొకరం దణ్ణం పెట్టుకుని విడిపోయాం. ఇప్పుడు అద్దె కారు నడుపుతాను. ఎండాకాలం చివర రాయి తగిలి ముందు అద్దం పగిలితే తాతయ్య కొత్తది బిగించాడు. ఎలాగూ కారు షెడ్డులో ఉంది కదా అని అమ్మమ్మ సీట్లు కొత్తగా కుట్టింది. అంతటితో ఆగకుండా, "నా మనవరాలి బండి, ఆ తలుపులు మాత్రం ఏం పాపం చేశాయి" అని తలుపుల లోపలి అట్టలు కూడా ఊడదీసి, వాటికీ మెత్తటి తోలు తొడిగి బిగించింది. తలుపుల జోలికి ఆవిడ వెళ్ళడం అదే మొదలు. ఎంత అందంగా కుదిరిందంటే, ఎక్కినవాళ్ళు ముందు తలుపును నిమిరి అప్పుడు అడ్రసు చెప్పేవాళ్ళు.

మొదటి పెద్దవాన పడింది. ఆ రోజు నా పక్క సీట్లో రిటైరైన లెక్కల టీచరమ్మ కూర్చుంది. సగం దారిలో కాలు కదిపి, ఆగి, చెప్పు తీసి వంచింది. నీళ్ళు కారాయి.

"సీట్లు ఎవరు కుట్టారన్నావు?"

"మా అమ్మమ్మండి."

"సీటు కుట్టమంటే తొట్టి కుట్టిందేమిటమ్మా?"

నేను నేరుగా షెడ్డుకు వెళ్ళి, ఆ మాటను అక్షరం పోకుండా అప్పజెప్పాను. పాఠాలు అలా అప్పజెప్పి ఉంటే ఈపాటికి నేనే టీచరమ్మనయ్యేదాన్ని.

అమ్మమ్మ మిషను మీది పట్టాను లాగి ఒక మూలకు విసిరి లేచింది.

"ఏరా, బండికి అద్దం పెట్టావా, జల్లెడ పెట్టావా?"

తాతయ్య అప్పుడు ఎవరిదో కారు చూస్తున్నాడు. ఆ కారాయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"చూడకుండానే నాదంటావేంటక్కా?"

"చూసేదేముంది? అద్దం మార్చావు, నీళ్ళొచ్చాయి. నా గుడ్డలో ఊట పుట్టిందంటావా?"

"బిగించిన రోజే లోపల్నించి గాలి కొట్టి, బయట సబ్బునీళ్ళు రాసి చూశాను. ఒక్క బుడగ లేవలేదక్కా."

"ఆ బుడగలు నువ్వే తాగు. నాన్న నీకు గమ్ముడబ్బా ఇచ్చాడు, బోర్డిచ్చాడు, బుర్ర ఇవ్వడం మాత్రం మరిచిపోయాడు."

కారాయన మధ్యలో దూరి, "అమ్మా, ఈయన పెట్టిన అద్దాలు కారతాయా?" అని మర్యాదగానే అడిగాడు.

"కారతాయి. బక్కెట్టు వెంట తెచ్చుకో."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా నేను నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను. తాతయ్య మొహం చూశాక చెయ్యి తీసేశాను, నవ్వు దానంతటదే పోయింది.

"తిట్టుకో, ఎంతైనా తిట్టుకో. నా గిరాకీ ముందు కాదక్కా" అన్నాడు తాతయ్య.

"అలాగా. అయితే మధ్యన గోడ కట్టిస్తా. నీ గిరాకీ నీకు, నా గిరాకీ నాకు. కట్టించకపోతే అడుగు."

"కట్టించు."

చివర "అక్కా" లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట లేని వాక్యం నేను వినలేదు. అమ్మమ్మ కూడా ఎప్పుడూ విని ఉండదు, తమ్ముడి వైపు తిరిగి చూసింది. తరవాత చెప్పులేసుకుని మేస్త్రీ ఇంటికి నడిచింది. సాయంత్రానికల్లా ఇటుకలు దిగాయి. బల్ల బయటికి పోయింది. ఇద్దరూ చెరో మూల నిలబడి టీ తాగారు, చేదుమందు తాగినట్టు.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ నా కారుమీద పడింది. సీట్లు దించింది. కార్పెట్ లాగి తాడుమీద ఆరేసింది. పాత గుడ్డలతో రేకును ఒరుగుల్లా ఎండేదాకా తుడిచింది. సుద్దతో గీతలు గీసింది, ముందు అద్దం కింద, కాళ్ళ దగ్గర, గడప పక్కన. తను లోపల ముడుచుకు కూర్చుని, నా చేతికి పైపిచ్చింది.

"అద్దంమీద కొట్టు."

"కిందినుంచి మొదలుపెట్టాలంటావు కదా అమ్మమ్మా?"

"ఇవాళ పైనించే. దొంగెవడో తెలిసినప్పుడు ఇంటింటికీ తిరగడం దేనికి?"

కొట్టాను. అద్దం కింద గీతలు పెళ్ళిముగ్గులా చెక్కుచెదరలేదు.

"గట్టిగా కొట్టవే, పూలమొక్కలకు పోస్తున్నావా?"

గట్టిగా కొట్టాను. గీతలు అలాగే ఉన్నాయి. తాతయ్య తన చివర ఏదో అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

అమ్మమ్మ దిగి, అద్దం మొదట్లో, బానెట్టు అంచున ఉన్న జాలీ విప్పి, కాలవలో ఇరుక్కున్న ఆకులను గుప్పెళ్ళతో తీసి నేలకేసి కొట్టింది. "ఇదిగో, ఇదీ మీ తాతయ్య శుభ్రం." మళ్ళీ లోపలికెక్కింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ పొడి. ఆవిడ మెడమీద నరం లేచింది. నాకూ చిర్రెత్తింది. బండి నడవకపోతే నష్టం నాకు, పంతం ఈవిడకా. ఇక ఆవిడను అడక్కుండానే పద్ధతి ప్రకారం కింద నుంచి మొదలుపెట్టాను. చక్రం పైన, గడప, తలుపు సగం, తలుపు అద్దం.

లోపలినుంచి తిట్లు ఆగిపోయాయి.

వంగి చూశాను. గడప పక్కన గీసిన గీత మధ్యలో తెగి ఉంది. తెగిన చోటుకు పైన, ఆవిడ ముచ్చటపడి తొడిగిన తలుపు తోలు అంచుకిందనుంచి, సన్నటి నీటిపాము ఒకటి పాకుతూ దిగుతోంది.

ఆవిడ దాని దగ్గరికి వంగింది. వేలితో అడ్డం పెట్టింది. అది వేలు చుట్టి దిగింది. అప్పుడు తన పనిముట్టు తీసుకుని, తన చేత్తో బిగించిన తలుపట్టను తానే ఊడబీకింది. క్లిప్పులు ఎగిరిపడ్డాయి.

చప్పుడుకు తాతయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. తలుపు రేకులో చెయ్యి పట్టేంత కన్నాలున్నాయి. వాటి చుట్టూ నల్లటి జిగురు మరక.

"వానపడితే తలుపు కడుపులోకి నీళ్ళు దిగడం మామూలే. అడుగున సందుల్లోంచి బయటికి పోతాయి. కారులోపలికి రాకుండా ఇక్కడొక ప్లాస్టిక్ పట్టా అంటించి ఉంటుంది" అన్నాడు తాతయ్య. నాతోనే అన్నాడు, వాళ్ళక్కతో కాదు.

నేను మిషను వైపు చూశాను. దానిమీది పట్టాకు అంచు పొడుగునా నల్లటి జిగురు. ఒక పక్కన, మిషనుకు ఏమాత్రం పనికిరాని కత్తిరింపు.

"అమ్మమ్మా, నీ మిషనుకు తలుపు గడియ కన్నం ఎందుకు?"

ఆవిడ చూసింది. తాతయ్యా చూశాడు. నా నోరు ఊరుకోదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవేళ మాత్రం ఊరుకుంటే బాగుండేదనిపించింది, ఎందుకంటే ఆవిడ నన్ను తిట్టలేదు.

"కొత్త బండి కవరు, బద్ధకంతో వదిలేశారనుకున్నా" అంది. ఆ తరవాత ఇటుకలమీద కూలబడింది. "సీట్లు కుట్టుకుని చావక ముసలిదానికి తలుపులెందుకు? ఇన్నేళ్ళూ ఎవడేమన్నా నా గుడ్డది కాదు, నా గుడ్డది కాదు అన్నాను. వాడు కూడా అదేగా అన్నాడు నిన్న. నేను విన్నానా?"

ఆవిడ లేచి, సుద్దబిళ్ళ చేత్తో పట్టుకుని వీధిలోకి నడిచింది. తప్పు చేసినవాడి దుకాణం ముందు నిలబడే అదే నడక. టీకొట్టు దగ్గర ఆగింది. పంచరు వేసేవాడు, రంగులు వేసేవాడు తలలెత్తారు.

"ఎవర్రా, నా తమ్ముడి అద్దం కారుతుందన్నది?"

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అన్నది ఒక్కరే, ఆ ఒక్క మనిషీ వాళ్ళముందే నిలబడి కళ్ళెర్రజేస్తోంది.

"నీళ్ళు నావి. పీకకూడనిది పీకాను. అద్దం బంగారంలా ఉంది. నిన్న వెళ్ళిపోయిన కారాయన ఎవరికి కనబడినా పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టండి, నేనే చెబుతాను. ఇంకెవడైనా వాడి పనికి వంక పెట్టాడో, నాలిక కుట్టేస్తాను."

క్షమాపణ అంటే ఇంత భయంకరంగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

తిరిగొచ్చి పట్టా తెచ్చి తలుపుకు ఆనించి పట్టుకుంది. "నీ గమ్ము ఇటు తే."

"నేను అంటిస్తే కారుతుందేమో" అన్నాడు తాతయ్య.

"కారితే నీ తల పగులుతుంది. అంటించు."

"సరేలే అక్కా."

అంతలో మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చాడు. గోడెక్కడ అని అడిగాడు. నేను అమ్మమ్మ వైపు చూశాను, ఏమంటుందా అని. కట్టిస్తానని వీధి వినేలా అన్న మాట. ఆ మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకు లేదు. షెడ్డు మధ్యన చూపించింది. మేస్త్రీ కట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ అటూ ఇటూ తిరుగుతూ, గోడ మోకాలి ఎత్తుకు రాగానే, "చాలు" అంది.

"ఇదేం గోడమ్మా?"

"నా గోడ నా ఇష్టం. పైన నున్నగా పూత పెట్టు, గుచ్చుకోకూడదు."

పాత బల్ల ఎలాగూ ఒక కాలు ఊగుతూ ఉండేది. ఇప్పుడు ఇద్దరూ ఆ గోడమీద కూర్చుని టీ తాగుతారు, తిట్టుకుంటారు. బోర్డుమీద అద్దం బొమ్మ పక్కన తాతయ్య ఒక సూది బొమ్మ వేయించాడు. సూది మరీ చిన్నదిగా వేయించాడని ఆవిడ ఇంకా మండిపడుతూనే ఉంది. మిషను మాత్రం వానకు తడుస్తోంది. పై రేకు కన్నం ఎక్కడుందో కనిపెట్టమంటే, సుద్ద అంత ఎత్తుకు అందదంటుంది.